గాలం వేటకు మన జలాశయాల కాలమే ప్రమాణం కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

సంక్రాంతి దాటి చలి తగ్గుముఖం పట్టగానే విశాఖ నగరంలో గాలం వేట మీద మక్కువ ఉన్న యువకులు జలాశయాల ప్రయాణానికి సన్నాహాలు మొదలుపెడతారు. ఒకప్పుడు వెదురు కర్ర, నైలాన్ దారం, వానపాముల డబ్బాతో సరిపోయిన ఈ వ్యాపకంలోకి ఇప్పుడు రీలు బిగించిన కార్బన్ కర్రలు, రబ్బరు కప్పలు, రంగురంగుల కృత్రిమ ఎరలు వచ్చాయి. వాటితో పాటే అమెరికాలో వసంతకాలంలో బాస్ చేపను ఎలా పట్టాలో వివరించే వీడియోలూ వచ్చాయి. వాటిలో చెప్పిన నెలలను, లోతులను, ఎరలను ఉన్నవి ఉన్నట్టు రాసుకుని తాటిపూడికో రైవాడకో బయలుదేరుతున్న వారిని చూస్తున్నాను. గాలం వేటను ప్రేమించే మనిషిగా వారి ఉత్సాహం నాకు నిజంగా సంతోషం కలిగిస్తుంది. అయితే ఆ ప్రణాళిక మన నీటికి సరిపోదనీ, ఫాల్గుణ చైత్ర మాసాల్లో మన జలాశయాలలో వేట ఎలా ఉండాలో ఇక్కడి చేపలను, ఇక్కడి నీటిమట్టాన్ని, ఇక్కడి మత్స్యకారులను చూసి నిర్ణయించుకోవాలనీ, అందుకు సంబంధిత శాఖలు ఒక స్పష్టమైన అనుమతి విధానాన్ని ఏర్పాటు చేయాలనీ మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

ముందుగా బాస్ సంగతి. ఆ వీడియోల్లో ఎక్కువగా కనిపించే పెద్దనోటి బాస్ ఉత్తర అమెరికా తూర్పు, మధ్య ప్రాంతాల మంచినీటి చేప. చలికాలమంతా లోతు నీటిలో మందకొడిగా ఉండి, వసంతంలో నీరు వెచ్చబడే కొద్దీ ఒడ్డు వైపు కదులుతుంది. నీటి ఉష్ణోగ్రత సుమారు 15 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ మధ్యకు చేరినప్పుడు మగ చేప లోతు తక్కువ చోట గులకరాళ్ల నేలను తోకతో ఊడ్చి గుంటలాంటి గూడు చేస్తుంది. ఆడ చేప అందులో గుడ్లు పెట్టి వెళ్లిపోతే మగదే కాపలా కాస్తుంది, పిల్లలు ఈదడం మొదలుపెట్టిన తరువాత కూడా కొంతకాలం వాటిని విడిచిపెట్టదు. గూటి దగ్గరకు ఏది వచ్చినా ఆకలితో పని లేకుండా మీదపడి తరుముతుంది కాబట్టి అప్పుడు దాన్ని గాలానికి తగిలించడం సులువు. అక్కడి వేటగాళ్లు వసంతం కోసం అంతగా ఎదురుచూడడానికి కారణం ఇదే. గూటి మీది చేపను పట్టడం తగునా అనే వాదం అక్కడే చాలాకాలంగా నడుస్తోంది. కెనడాలోని అంటారియో వంటి చోట్ల ఆ కాలంలో బాస్ వేటను చాలా ప్రాంతాల్లో మూసి ఉంచే సంప్రదాయం కూడా ఉంది. మన వాళ్లు చూసే వీడియోల్లో ఈ రెండో సగం అరుదుగా కనిపిస్తుంది.

మన దగ్గర లెక్క పూర్తిగా వేరు. విశాఖ చుట్టుపక్కల మైదాన జలాశయాల నీరు చలికాలంలో సైతం బాస్ గుడ్లు పెట్టే వేడి కన్నా సాధారణంగా ఎక్కువగానే ఉంటుంది. కాబట్టి నీరు వెచ్చబడగానే చేపలన్నీ ఒక్కసారిగా ఒడ్డుకు చేరే ఘట్టం ఇక్కడ రాదు. మన జలాశయాల్లో ప్రధానంగా దొరికే బొచ్చె, శీలావతి, ఎర్రమోసు వసంతంలో గుడ్లు పెట్టవు. ఎండలు ముదిరే కొద్దీ వాటి కడుపులో గుడ్లు ఎదుగుతాయి. నైరుతి వానలకు గెడ్డలు పొంగి కొత్తనీరు వచ్చినప్పుడు, పారే నీటికి ఎదురీది, అక్కడ గుడ్లు వదులుతాయి. నిలకడ నీటిలో అవి సాధారణంగా గుడ్లు పెట్టవు కనుకనే మత్స్యశాఖ జలాశయాల్లో ఏటా పిల్ల చేపలను వదలవలసి వస్తోంది. ఈ కారణంగా బాస్ వేటగాడు దేనికోసం వసంతంలో వెళ్తాడో దానికి దాదాపు వ్యతిరేకమైన కారణంతో మనం ఆ కాలంలో వెళ్లవచ్చు. మన చేపకు అది పునరుత్పత్తి కాలం కాదు, మేత మేసి బలం పుంజుకునే కాలం. ఫిబ్రవరి రెండో సగం నుంచి ఏప్రిల్ మొదటి సగం దాకా గాలం వేయడం వల్ల సంతతికి జరిగే హాని తక్కువ. మే నెలాఖరు నుంచి గుడ్లతో బరువెక్కిన చేపలు పడతాయి, తొలకరి తరువాత గెడ్డలు జలాశయంలో కలిసే చోట్ల అవి గుంపులుగా చేరతాయి. ఆ రోజుల్లో అక్కడ కర్ర పట్టుకుని నిలబడటం సులువుగా దొరుకుతాయన్న ఆశతో చేసే పని, గాలం వేటను గౌరవించే వారెవరూ దానికి పూనుకోకూడదు.

కొరమీను విషయం ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే బాస్ వేట మీద మనసు పడినవారికి మన నీటిలో దానికి దగ్గరగా తోచే చేప ఇదొక్కటే. ఇదీ మాంసాహారి. తుంగ, తామర, నాచు పెరిగిన ఒడ్డు నీటిలో పొంచి ఉండి కప్పనో చిన్న చేపనో ఒక్క ఉదుటున పట్టుకుంటుంది. అందుకే బాస్ కోసం తయారైన రబ్బరు కప్ప దీనికి కూడా బాగా పనికివస్తుంది. గాలిని నేరుగా పీల్చుకునే అవయవం ఉండటం వల్ల అప్పుడప్పుడూ నీటి పైకి వచ్చి గుటక వేసి వెళ్తుంది, ఆ చప్పుడును బట్టి అది ఎక్కడుందో అనుభవం ఉన్నవారు పసిగడతారు. పిల్లలను కాపాడుకోవడంలోనూ ఇది బాస్‌కు ఏమాత్రం తీసిపోదు. ముఖ్యంగా వానల కాలంలో, ఎర్రటి పిల్లలు గుంపుగా నీటి ఉపరితలం మీద మసలుతుంటే తల్లిదండ్రులు వాటి కిందనే తిరుగుతుంటాయి. ఆ ఎర్రని గుంపు మధ్యకు కప్ప ఎరను విసిరితే పెద్ద చేప తప్పక మీదపడుతుందని కొందరు గర్వంగా చెప్పుకుంటారు. ఆ పెద్ద చేపను బుట్టలో వేసుకుంటే కాపలా లేని పిల్లలన్నీ కాసేపట్లో ఇతర చేపల పాలవుతాయి. ఎర్రని పిల్లల గుంపు కనిపించిన చోట గాలం తీసేసి పక్కకు తప్పుకోవడం ఒక కచ్చితమైన నియమంగా మన వేటగాళ్లలో స్థిరపడాలి. దీనికి ఏ శాఖ ఉత్తర్వూ అవసరం లేదు.

ఇక ఏ జలాశయానికి వెళ్లాలన్న ప్రశ్న. శృంగవరపుకోట వైపు నుంచి చేరుకోగల తాటిపూడి జలాశయం గోస్తని నది మీద 1960వ దశకంలో నిర్మితమైంది. అనంతగిరి కొండల్లో బొర్రా దగ్గర పుట్టిన ఆ నది భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. దేవరాపల్లి మండలంలోని రైవాడ జలాశయం శారదా నది మీద ఉంది. కోనాం, కల్యాణపులోవ, తాండవ జలాశయాలు కూడా నగరవాసి ఒక్కరోజులో వెళ్లి రాగల దూరంలో ఉన్నవే. పెందుర్తి దగ్గరి మేఘాద్రిగెడ్డ, నగరాన్ని ఆనుకున్న ముడసర్లోవ ఇంకా దగ్గర. అయితే దగ్గర కదా అని వాటి ఒడ్డున దిగిపోవడం సరికాదని నా గట్టి అభిప్రాయం. ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ, తాటిపూడి, రైవాడ ఈ నగరం తాగే నీటికి ఆధారాలు. రాత్రంతా గుడారం వేసుకుని, తవుడు, వేరుశనగ చెక్క ముద్దలను బుట్టలకొద్దీ నీటిలో పోసి చేపలను రప్పించే పద్ధతి తాగునీటి వనరులో ఎంతమాత్రం అనుమతించదగినది కాదు. గాలానికి గుచ్చే ఎర వేరు, నీటిని పులియబెట్టే మేత వేరు.

నీటిమట్టం సంగతి చాలామంది పట్టించుకోరు, నా దృష్టిలో అదే ప్రయాణ ప్రణాళికలో మొదట చూసుకోవలసినది. అమెరికాలో చాలా చోట్ల మంచు కరిగి, వసంతపు వానలు కురిసి, చెరువులు నిండుతున్నప్పుడు బాస్ ఒడ్డుకు వస్తుంది. మన జలాశయాలు అదే సమయంలో రబీ పంటలకు, తాగునీటికి విడుదల చేయడం వల్ల రోజురోజుకూ దిగిపోతుంటాయి. జనవరిలో నీటి అంచున నిలబడిన చోటు మార్చి నాటికి ఒండ్రు నేలగా మారుతుంది. పైపొర ఎండి గట్టిగా కనిపించే ఆ నేల కింద మోకాలి లోతు బురద ఉండవచ్చు. కర్రతో పొడిచి చూడకుండా అడుగు వేయరాదు, ఒంటరిగా అసలే వెళ్లరాదు. వేట పరంగా చూస్తే నీరు తగ్గినప్పుడు చేపలు మునిగిన పాత నది కాలువ వెంబడి, రాతి గుట్టల నీడన, మోడుల దగ్గర చేరతాయి. ఆ పాత కాలువ ఎటు వెళ్తుందో ఏ యంత్రం కన్నా బాగా అక్కడ వల వేసే మత్స్యకారులకు తెలుసు. వారిని బాబాయి అని పలకరించి, కాసేపు కూర్చుని అడిగితే చెబుతారు. బొచ్చె పై నీటిలోనూ, శీలావతి నడిమి నీటిలోనూ, ఎర్రమోసు అడుగునా మేస్తాయి కాబట్టి బెండును ఎంత ఎత్తున కట్టాలన్నది కూడా ఆ రోజు నీటి లోతును బట్టి తేల్చుకోవలసిందే.

పట్టిన చేపను వదిలిపెట్టే పద్ధతి మీద ఇక్కడ ఒక మాట. పట్టి వదలడాన్ని నేను సమర్థిస్తాను, కానీ దానికి కాలజ్ఞానం కావాలి. వేడి పెరిగే కొద్దీ నీటిలో కరిగి ఉండగల ప్రాణవాయువు తగ్గుతుంది. 15 డిగ్రీల వద్ద లీటరు మంచినీరు సుమారు 10 మిల్లీగ్రాముల ప్రాణవాయువును నిలుపుకోగలిగితే, 30 డిగ్రీల వద్ద అది 7.5 మిల్లీగ్రాముల దగ్గరకు పడిపోతుంది. చల్లని దేశంలో ఫొటోల కోసం కాసేపు చేతుల్లో ఉంచుకుని వదిలిన బాస్ తేరుకుని వెళ్లిపోవచ్చు. మన ఏప్రిల్ మధ్యాహ్నం పది నిమిషాలు పోరాడి అలసిన శీలావతిని ఎండిన గట్టు మీద దొర్లించి, ఆపైన నీటిలోకి విసిరితే అది బతుకుతుందన్న భరోసా లేదు. కాబట్టి వేట తెల్లవారుజామున మొదలై, ఎండ ఎక్కే ముందే ముగియాలి. గాలం ముల్లును పట్టకారుతో అణిచి నునుపు చేయాలి. చేపను తడిచేతులతో, నీటిలోనే ఉంచి విడిపించాలి. ఇంటికి తీసుకువెళ్లదలిస్తే ఒకటి రెండు తీసుకువెళ్లడంలో తప్పు లేదు, అది దాచుకోవలసిన పని కూడా కాదు. బుట్ట నింపడమే లక్ష్యమైతే మాత్రం బజారుకు వెళ్లడం మంచిది.

ఇప్పుడు అసలు విన్నపానికి వస్తాను. జలాశయంలోని చేప ఎవరిదీ కాదనే భావన నగరంలో చాలామందికి ఉంది. అది నిజం కాదు. 80 నుంచి 100 మిల్లీమీటర్ల సైజుకు పెంచిన పిల్ల చేపలను ఖర్చు పెట్టి కొని వదిలితేనే అక్కడ బొచ్చె, శీలావతి ఉంటాయి. వాటి మీద బతికేది ఒడ్డు గ్రామాల మత్స్యకార కుటుంబాలు, వారి సహకార సంఘాలు. సెలవు రోజున నగరం నుంచి కారులో వచ్చి, ఎవరినీ అడగకుండా, వారి వలల పక్కనే గాలాలు వేసి, వల దారానికి కొక్కెం తగిలితే కోసేసి పోయేవారి మీద వారికి కోపం రావడంలో ఆశ్చర్యం లేదు. మరోవైపు, పద్ధతిగా అనుమతి తీసుకుందామనుకునే వేటగాడికి ఎవరిని అడగాలో తెలియదు. గట్టు, తూములు జలవనరుల శాఖవి. చేపల వ్యవహారం మత్స్యశాఖది. నగరానికి నీరు తీసుకునేది మహానగర పాలక సంస్థ. దీనికి తోడు 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగాక రైవాడ, కోనాం, కల్యాణపులోవ, తాండవ అనకాపల్లి జిల్లా పరిధిలోకి వెళ్లాయి. మేఘాద్రిగెడ్డ విశాఖపట్నం జిల్లాలో ఉంది, తాటిపూడి విజయనగరం జిల్లాది. విశాఖ వాసి ఒక వేసవిలో మూడు జలాశయాలు చూడదలచుకుంటే మూడు జిల్లాల కార్యాలయాలు తిరగాలి.

మూడు జిల్లాల మత్స్యశాఖ అధికారులు కలిసి గాలం వేటకు ఒకే విధమైన రోజువారీ అనుమతి చీటీని ప్రవేశపెట్టాలని కోరుతున్నాను. ఆ చీటీని జలాశయం రేవు దగ్గరే స్థానిక మత్స్యకార సహకార సంఘం ఇవ్వాలి, దాని రుసుము సంఘానికే చెందాలి. ఒక రోజుకు ఎంతమందికి ఇవ్వాలో, ఎన్ని చేపలు ఉంచుకోవచ్చో, ఏ సైజు కన్నా చిన్నవాటిని వదిలేయాలో సంఘమూ శాఖా కలిసి తేల్చాలి. తూములు, అలుగులు, తాగునీరు తోడే చోట్ల పరిసరాల్లో వేట పూర్తిగా నిషేధించాలి. తొలకరి నుంచి గెడ్డల ముఖద్వారాల దగ్గర గాలాన్ని కూడా ఆపాలి. ఇది మన దేశంలో కొత్త ఆలోచన కాదు. హిమాచల్ ప్రదేశ్‌లో ట్రౌట్ వేటకు లైసెన్సు ఇచ్చే పద్ధతి ఎప్పటినుంచో ఉంది, ఆ చేప గుడ్లు పెట్టే చలికాలపు నెలల్లో వేటను మూసివేస్తారు. ఒకప్పుడు కావేరి మీద మహాశీర్ చేపల కోసం నడిచిన శిబిరాల్లో స్థానిక గ్రామస్థులే దారి చూపేవారుగా, కాపలాదారులుగా పనిచేశారు. పడవ నడపడం, రేవు చూపించడం, భోజనం పెట్టడం మన ఒడ్డు గ్రామాల యువతకు కూడా కొంత ఆదాయం తెచ్చిపెట్టగలవు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవల సముద్ర వేట ఆగిపోయే రోజుల్లో జలాశయాల చేపకు గిరాకీ, ఒత్తిడి రెండూ పెరుగుతాయి. కాబట్టి ఈ నియమాలు ఏప్రిల్ రాకముందే అమలులోకి రావడం అవసరం. మందుగుండు, విషం వేసి చేపలు పట్టడం 1897 నాటి మత్స్య చట్టం నుంచీ నేరమే. అనుమతి చీటీతో ఒడ్డున నిలబడే వేటగాళ్లు పెరిగితే అటువంటి పనులు చేసేవారిని గమనించి చెప్పే కళ్లు కూడా పెరుగుతాయి.

బాస్ చేపనే తెచ్చి మన జలాశయంలో వదిలితే పోలేదా అని కొందరు యువకులు నన్నే అడిగారు. వారికి జపాన్ సంగతి చెప్పాను, మీ పాఠకులకూ చెప్పడం అవసరమనుకుంటున్నాను. అక్కడ 1925లో ఆషి సరస్సులో వదిలిన ఈ చేప క్రమంగా దేశమంతా పాకి స్థానిక చేపలను తినేసింది. జపాన్‌లో అతిపెద్దదైన బివా సరస్సులో పట్టిన బాస్‌ను తిరిగి నీటిలో వదలడాన్ని 2003 నుంచి షిగా ప్రాంతీయ ప్రభుత్వం నిషేధించింది. 2005లో దేశమంతటికీ వర్తించే చట్టం దాన్ని హానికర విదేశీ జీవుల జాబితాలో చేర్చింది. 1932లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో జార్జి పెర్రీ పట్టిన 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్ రికార్డును 2009లో సమం చేసిన చేప దొరికింది కూడా ఆ బివా సరస్సులోనే. ప్రపంచ రికార్డు ఇచ్చిన నీరే ఆ చేపను వదిలించుకోవడానికి ఇంత కష్టపడవలసి వచ్చిందంటే ఆలోచించాలి. మనకు తిలాపియా, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ ఇప్పటికే తెచ్చిపెట్టిన ఇబ్బంది చాలు. అక్వేరియంలో పెరిగిపోయిన చేపలను దయతో జలాశయాల్లో వదిలేవారికి కూడా ఇదే మాట వర్తిస్తుంది.

భద్రత గురించి కొద్ది మాటలతో ముగిస్తాను. తెప్ప మీదో నాటుపడవ మీదో వెళ్లేవారు, ఈత వచ్చినా రాకున్నా, లైఫ్ జాకెట్ వేసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం తరువాత కొండల మీద నల్లమబ్బు కమ్మి ఉరుములు మొదలైతే కర్రను వెంటనే కింద పెట్టి ఒడ్డు విడిచి వెళ్లాలి. కార్బన్ కర్రలో విద్యుత్తు ప్రవహిస్తుంది, ఖాళీ గట్టు మీద దాన్ని పైకెత్తి నిలబడటం ప్రాణాంతకం. తెగిన నైలాన్ దారాన్ని ఒక్క మూర కూడా నీటి అంచున వదలకూడదు. కొంగలు, నీటికాకుల కాళ్లకు అది చుట్టుకుంటే అవి ఎగరలేక చనిపోతాయి.

వానాకాలంలో జలాశయాల నీటిమట్టాలను మీ పత్రిక జిల్లా పేజీలో ప్రచురిస్తున్నందుకు కృతజ్ఞతలు. ఫిబ్రవరి నుంచి మే వరకు కూడా తాటిపూడి, రైవాడ, కోనాం, కల్యాణపులోవ, తాండవ జలాశయాల మట్టాలను వారానికి ఒకసారి, ఆదివారానికి ముందు రోజున ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. మత్స్యశాఖ ఏ రేవులో వేటకు అనుమతిస్తుందో, ఏ రేవును మూసివేసిందో కూడా ఆ పక్కనే అచ్చువేస్తే ప్రయాణం కట్టేవారికీ, ఒడ్డున ఉన్న మత్స్యకారులకూ ఉపయోగపడుతుంది.

భవదీయుడు,
గాలం వేటపై మక్కువ గల ఒక పాఠకుడు,
సీతమ్మధార, విశాఖపట్నం.